ఎనభై ఏడో ఫ్రేము

కూనబరాబ్రన్.
ఊరి పేరు మొదటిసారి విన్నప్పుడు
ముందు రెండక్షరాలే అర్థమయ్యాయి,
తక్కినవాటికి నోరు తిరగలేదు.
ఏడేళ్ళయింది. మందుల షాపులో పగలంతా
ఐదేసి చొప్పున మాత్రలు లెక్కపెడతాను.
రాత్రి, ఐదేసి నిమిషాల చొప్పున
చీకటిని.

ఆగస్టు. రేపు అమావాస్య.
పెరట్లో ముక్కాలిపీట మీద దుర్భిణి,
దాని మెడకు మంచు పట్టకుండా వేడి పట్టీ,
నా మెడకు రెండు మఫ్లర్లు.
చుక్కలు చూపించడమంటే ఏమిటో
ఇక్కడి చలికి బాగా తెలుసు.
తెల్లవారుజామున పిల్లలకోడి తలకిందులుగా పైకెక్కుతుంది.
కొత్తలో నేనూ మెడ వంచి చూసేదాన్ని,
ఇప్పుడు దాని తీరు దానిదే.

శిల్పి అనే మండలంలో ఒక గెలాక్సీ.
కంటికి ఏమీ లేదక్కడ. పటం ఉందంటే నమ్మాలి.
కోటీ పదిలక్షల ఏళ్ళు నడిచొచ్చిన వెలుతురు
దోసెడు కాదు, చిటికెడు కూడా కాదు.
అందుకే దొరికినంత దొరికినట్టు
పొర మీద పొర పేరుస్తాను, పూతరేకుల్లా.

మధ్యమధ్య మూత పెట్టి ఉత్త చీకటిని కూడా ఫొటో తీయాలి.
కెమెరా తనలో తాను గొణుక్కునేదంతా అందులో పడుతుంది,
తర్వాత దాన్ని ఆకాశంలోంచి తీసివేయాలి.
మొదట్లో నవ్వొచ్చింది.
ఇప్పుడు ఎవరితోనైనా పోట్లాడే ముందు
ఒకసారి మూత పెట్టి చూసుకుంటే బాగుండుననిపిస్తుంది.

కంచె అవతల గ్లెనిస్. డెబ్బై రెండేళ్ళు.
రెండు వందల గొర్రెలు, కొట్టం మీద ఒక ఫ్లడ్ లైటు.
మొదటి ఏడు ఆ లైటుతో నాకు మాటల్లేని యుద్ధం.
రెండో ఏడు నిమ్మకాయ పచ్చడి సీసా పట్టుకెళ్ళాను.
"పదకొండు నుంచి నాలుగు దాకా ఆర్పుతాను.
గొర్రె ఈనితే మాత్రం నీ చుక్కలు ఆగాలి" అంది.
పచ్చడి గురించి ఇంతవరకూ ఒక్క మాట లేదు.

ఒంటిగంట నలభైకి లైటు వెలిగింది.
నాలుగు రాత్రులవి కలిపి అప్పటికి ఎనభై ఆరు ఫ్రేములు.
తిట్టుకుంటూనే కంచె దాటాను.

గొర్రె పక్కకు పడి కాళ్ళు తన్నుకుంటోంది.
పిల్ల ముంగాలు ఒకటి లోపలే మడతపడిందట.
గ్లెనిస్ వేళ్ళు వాతంతో వంకరపోయాయి.
"నీవి సన్నం. కడుక్కో."

మణికట్టు దాటి వెచ్చదనం.
ఏమీ కనపడదు.
ఇక్కడా అంతే, ఉందని నమ్మి తడమాలి.
మెత్తగా, మూతి కాబోలు. ఒక గిట్ట.
ఎక్కడో వెనక, మరొకటి.
"నొప్పి వచ్చినప్పుడు లాగు, లేనప్పుడు ఆగు."
ఆగాను. లాగాను. ఆగాను.
ఉమ్మనీళ్ళతో సహా జారి గడ్డిలో పడింది
పసుప్పచ్చటి జిగురు పూసుకుని,
కదలకుండా.
గ్లెనిస్ గడ్డిపరక తీసి దాని ముక్కులో గుచ్చింది.

తుమ్మింది.

వెనక్కొచ్చేసరికి మూడున్నర.
కెమెరా తన పాటికి తాను తీస్తూనే ఉంది.
ఎనభై ఏడు నుంచి నూట ఎనిమిది దాకా
నారింజ మరక, అందులో మునిగిపోయిన గెలాక్సీ.
ఇరవై ఒకటి తీసి పారేశాను.

ఎనభై ఏడోది ఉంచాను.
మనిషి పుట్టకముందు బయల్దేరిన వెలుతురూ
గ్లెనిస్ స్విచ్చి నొక్కితే వచ్చిన వెలుతురూ
దాంట్లో ఒకే గుంటలో పడ్డాయి.
ఏది ఎవరిదో విడదీయడం నా వల్ల కాదు.
లెక్క ప్రకారం అది చెడిపోయిన ఫ్రేము.

బీపీ మాత్రలకు వచ్చినప్పుడు
షాపు గోడమీది ఫొటో చూసింది ఆవిడ.
"ఏ రాత్రిది?"
"చాలా రాత్రులది."
"నా లైటు పడలేదు కదా?"
"లేదు" అన్నాను.
ఎడమ అంచున, తెలిసిన కంటికి మాత్రమే,
సన్నగా నారింజ ఛాయ.
ఐదేసి చొప్పున లెక్కపెట్టి ఇచ్చాను.

గొర్రెలకు పేర్లు పెట్టదు గ్లెనిస్.
సాయంత్రాలు కంచె దగ్గర నిలబడి నేనే పిలుస్తాను
ఊరి పేరులోని ముందు రెండక్షరాలతో.
అది తలెత్తదు.
మేస్తూనే ఉంటుంది.